ఉబుంటులో కుడా ఎక్కించడం: నీలం స్క్రీన్ దగ్గర తొందరపడొద్దు

సెలవులకు కావలి వచ్చిన ఇంజినీరింగ్ పిల్లలు "అన్నా, కుడా ఎక్కించా, పనిచేయట్లేదు" అంటూ ల్యాప్‌టాప్ పట్టుకొస్తుంటారు. కుడా (CUDA) అంటే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు మీద మన ప్రోగ్రాములు నడిపించే సాఫ్ట్‌వేర్. చాలామంది ఒకే చోట తప్పు చేస్తున్నారు.

కావాల్సినవి: ఎన్విడియా కార్డు (ఏఎమ్‌డీకి కుడా పనికిరాదు), ఉబుంటు (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్), 20 జీబీ ఖాళీ, మంచి నెట్. ముందు డ్రైవర్ (కార్డును నడిపించేది), ఆ తర్వాతే టూల్‌కిట్ (కుడా ప్రోగ్రాములు తయారుచేసే సామగ్రి). టెర్మినల్‌లో "సుడో ఉబుంటు-డ్రైవర్స్ ఇన్‌స్టాల్" కొట్టండి. డ్రైవర్‌ను వెబ్‌సైట్ నుంచి ఫైలుగా దించి ఎక్కించొద్దు, ఉబుంటు కెర్నల్ (సిస్టమ్ మూల భాగం) అప్‌డేట్ అయిన రోజు స్క్రీన్ నల్లగా మిగలొచ్చు.

ఇక్కడ నిదానంగా చదవండి. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను లోడ్ కానివ్వని రక్షణ) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ మధ్యలో ఒక పాస్‌వర్డ్ పెట్టమని అడగొచ్చు. పెట్టి, కాగితం మీద రాసుకోండి. రీస్టార్ట్ చేయగానే నీలం స్క్రీన్ వస్తుంది, పది సెకన్లే ఉంటుంది. టీ తాగొద్దామని లేచారంటే అది దాటిపోతుంది, ఉబుంటు మామూలుగానే తెరుచుకుంటుంది, డ్రైవర్ మాత్రం లోడ్ కాదు. అందుకే కుర్చీలోంచి కదలకుండా ఏదో ఒక కీ నొక్కి, ఎన్‌రోల్ మోక్ (డ్రైవర్ సంతకం కీని నమోదు చేయడం), కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్, ఈ వరసలో వెళ్లండి. తప్పిపోతే "సుడో అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ --ఎన్‌రోల్-కీ" కొట్టి మళ్లీ రీస్టార్ట్ చేయండి.

"సెక్యూర్ బూట్ ఆపేస్తే పోయె కదా" అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు, వినొద్దు. పక్కన విండోస్‌కు బిట్‌లాకర్ (డిస్కుకు వేసే తాళం) ఉంటే అది రికవరీ కీ అడుగుతుంది. ఆ 48 అంకెలు ఎక్కడున్నాయో తెలియక ఒకబ్బాయి ప్రాజెక్టు అప్పజెప్పే ముందు రోజు రాత్రంతా టెన్షన్ పడ్డాడు.

ఇప్పుడు "ఎన్విడియా-ఎస్ఎమ్ఐ" కొడితే పట్టిక రావాలి. అందులో కనిపించే కుడా వెర్షన్ ఆ డ్రైవర్ ఎంతవరకు మోయగలదో చెప్పేదే, టూల్‌కిట్ ఎక్కినట్టు కాదు. దానికి మించని టూల్‌కిట్‌నే ఎన్విడియా సైట్‌లో మీ ఉబుంటు వెర్షన్‌కు ఎంచుకోండి. చివర్లో ప్యాకేజీ పేరు "కుడా" అని కాకుండా మీరు ఎంచుకున్న వెర్షన్ అంకెతో సహా "కుడా-టూల్‌కిట్" అని ఇవ్వండి, లేదంటే అది ఇంకో డ్రైవర్‌ను వెంటేసుకొస్తుంది. టూల్‌కిట్‌లోని బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో (టెర్మినల్ కమాండ్లను వెతికే చోట్ల జాబితాలో) చేర్చి, కొత్త టెర్మినల్ తెరిచి "ఎన్‌వీసీసీ --వెర్షన్" కొట్టి చూడండి, వెర్షన్ కనిపిస్తే కుడా కంపైలర్ సిద్ధమైనట్టే.

మొదటి ప్రోగ్రామ్‌లో బ్లాక్‌కు (థ్రెడ్ల కట్టకు) 256 థ్రెడ్లు (ఒకేసారి నడిచే చిన్న పనులు) పెట్టండి. థ్రెడ్లు 32 చొప్పున గుంపుగా నడుస్తాయి కాబట్టి 32 గుణిజమే వాడాలి. బ్లాక్‌కు 1024 దాటితే కెర్నల్ (ఇక్కడ కార్డు మీద నడిచే మీ ఫంక్షన్, ఉబుంటు కెర్నల్ కాదు) అసలు మొదలవదు, పైగా మీరు అడగందే ఎర్రర్ కూడా చెప్పదు. అందుకే ప్రతి కెర్నల్ పిలుపు కింద "కుడాగెట్‌లాస్ట్‌ఎర్రర్" రాసి, అది ఏమిచ్చిందో ప్రింట్ చేయండి.