ఆటోక్యాడ్‌లో ఐసోమెట్రిక్, 6వ పాఠం: ఆఫ్‌సెట్ చేసిన నష్టం, రంధ్రం పెట్టే పద్ధతి

11.55. పోయినసారి ఇచ్చిన ఎల్-బ్రాకెట్ గీసి పంపినవాళ్లలో చాలామందికి ప్లేటు మందం ఇదే వచ్చింది. నేను ఇచ్చింది 10 మిల్లీమీటర్లు. గుంటూరు నుంచి ఒక విద్యార్థి ఆ డ్రాయింగునే ప్రింట్ తీసి వెల్డింగ్ షాపుకు పట్టుకెళ్లాడు. "11.55 ప్లేటు ఎక్కడ దొరుకుతుంది బాబూ? 10 ఉంది, 12 ఉంది. ఏది కోయమంటావ్?" అని షాపాయన అడిగారట. అందులో ఆ అబ్బాయి తప్పు లేదు. మందం కోసం ఆఫ్‌సెట్ (గీత పక్కన సమాంతరంగా ఇంకో గీత పెట్టే కమాండ్) వాడొద్దని అయిదో పాఠంలోనే చెప్పాల్సింది, నేను చెప్పలేదు. కాబట్టి ఈసారి మొదలుపెడదామనుకున్న కొలతల పాఠం వచ్చే వారానికి జరుపుతున్నాను. అదే బ్రాకెట్ మళ్లీ గీద్దాం.

కొలతలు ఇంకోసారి చెబుతాను. అడుగు ప్లేటు 80 పొడవు, 50 వెడల్పు, 10 మందం. దాని వెనక అంచున నిలువు ప్లేటు. అడుగు మందంతో కలిపి ఎత్తు 60, దాని మందం కూడా 10. అడుగు ప్లేటులో 20 వ్యాసం రంధ్రం, నిలువు ప్లేటులో 12 వ్యాసం రంధ్రం. నిలువు ప్లేటు పై మూలలు రెండూ 15 రేడియస్‌తో గుండ్రంగా ఉండాలి. 80 పొడవు కుడివైపు పైకి పోయే 30 డిగ్రీల గీత మీద పెట్టండి. లైన్, ట్రిమ్, ఆబ్జెక్ట్ స్నాప్ మీకు వచ్చనే అనుకుంటున్నాను, వాటి జోలికి పోను.

ముందు ఆఫ్‌సెట్ సంగతి తేల్చుకుందాం. మామూలు ప్లాన్‌లో, అంటే పైనుంచి చూసిన బొమ్మలో, ఆఫ్‌సెట్ ఎంత మంచి కమాండో, వస్తువు మూడు ముఖాలూ ఒకేసారి కనిపించే ఐసోమెట్రిక్‌లో అంత ప్రమాదం. గీతకు సరిగ్గా లంబంగా కొలిచి పక్కన ఇంకో గీత పెట్టడం ఒక్కటే దానికి తెలిసిన పని. ప్లాన్‌లో అంచులు 90 డిగ్రీల్లో కలుస్తాయి కాబట్టి లంబంగా కొలిచినా, పక్క అంచు వెంబడి కొలిచినా ఒకటే. ఐసోమెట్రిక్‌లో మాత్రం కాగితం మీద ఏ రెండు అక్షాలూ లంబంగా ఉండవు. 60 డిగ్రీల్లోనో 120 డిగ్రీల్లోనో కలుస్తాయి.

విజయవాడలో ఉండేవాళ్లు బందరు కాలువనో, రైవస్ కాలువనో తలుచుకోండి. కాలువ వెడల్పు 10 మీటర్లు అనుకుందాం. వంతెన నేరుగా అడ్డంగా కడితే దాని పొడవు 10 మీటర్లే. రోడ్డు ఏటవాలుగా వచ్చి గట్టును 60 డిగ్రీల్లో కలిస్తే, అదే కాలువ మీద వంతెన 11.55 మీటర్లు కట్టాలి. ఆఫ్‌సెట్ కొలిచేది కాలువ వెడల్పు. మనకు కావాల్సింది వంతెన పొడవు, ఎందుకంటే ప్లేటు మందం కనిపించేది ఆ ఏటవాలు అంచు మీదే. 10ని సైన్ 60తో, అంటే 0.866తో భాగించండి. 11.547 వస్తుంది. పై ముఖమైనా పక్క ముఖమైనా ఇదే లెక్క.

తేడా ఒకటిన్నర మిల్లీమీటరే కదా అని ఊరుకోవద్దు. అడుగు మందం 11.55 అయితే, 60లో నిలువు ప్లేటుకు పైన మిగిలేది 50 కాదు, 48.45. రంధ్రం మధ్యబిందువు ఆ అంచు నుంచి కొలిస్తే రంధ్రమూ జరుగుతుంది. ఒకరి డ్రాయింగులో ఆఫ్‌సెట్ మీద ఆఫ్‌సెట్ నాలుగుసార్లు పడింది. బొమ్మ చూడటానికి బాగానే ఉంది కానీ ఒక్క కొలతా నిజం కాదు. ఇలాంటి బొమ్మంటే నాకు చాలా భయం, అడ్డదిడ్డంగా ఉంటే ఎవరైనా పట్టుకుంటారు, ఇది పట్టుకోలేరు.

ఆఫ్‌సెట్‌కు 8.66 ఇస్తే సరిపోతుందని ఇద్దరు కనిపెట్టారు. లెక్క కరెక్టే. కానీ 35 వచ్చినప్పుడు, 17.5 వచ్చినప్పుడు కాలిక్యులేటర్ తీస్తూ కూర్చుంటారా? కాపీ వాడండి. ఎఫ్8తో ఓర్తో (గీత అక్షాల దిశలోనే పోయేలా చేసేది) ఆన్ చేయండి, ఎఫ్5 నొక్కుతూ టాప్, రైట్, లెఫ్ట్‌లలో కావాల్సిన ముఖానికి రండి, కాపీ కొట్టి గీతను ఎంచుకోండి, దాని ఒక చివర పట్టుకుని మౌస్ అక్షం దిశలో జరిపి 10 టైప్ చేసి ఎంటర్ నొక్కండి. అంతే. నా ఎడమచేతి వేలు ఎప్పుడూ ఎఫ్5 మీదే ఉంటుంది. కమాండ్ మధ్యలో నొక్కినా ఫరవాలేదు, కమాండ్ పోదు. పైన రిబ్బన్‌లో ఐకాన్లు వెతకడం నాకు నచ్చదు, అలవాటైతే మీరూ మానేస్తారు. ఐసోమెట్రిక్ మోడ్ ఆన్ చేసే ఐసోడ్రాఫ్ట్ బటన్ లేదని రాసినవాళ్ల దగ్గర ఉన్నది 2015కు ముందు వెర్షన్. స్నాప్ కమాండ్‌లో స్టైల్, దానిలో ఐసోమెట్రిక్ ఎంచుకోండి. ఎఫ్5 అందులోనూ పనిచేస్తుంది.

ఇదంతా ఎందుకంటే, మనం గీసేది బల్లపరుపు కాగితం మీది బొమ్మ. దానికి లోతు ఉందని మనకు తెలుసు, ఆటోక్యాడ్‌కు తెలియదు. మూడు అక్షాల వెంబడి కొలిచిన పొడవు మాత్రమే ఇక్కడ నిజం, ఐసోమెట్రిక్ అంటేనే సమానమైన కొలత. 1822లో కేంబ్రిడ్జ్ ప్రొఫెసర్ విలియం ఫారిష్ ఈ పద్ధతి మీద వ్యాసం రాశారు. క్లాసులో చూపించే యంత్రాల నమూనాలను విడి భాగాలతో బిగించాల్సిన సహాయకులకు, బొమ్మ చూడగానే ఏది ఎక్కడ పెట్టాలో తెలియాలన్నది ఆయన అవసరం. మన ఆటోనగర్ షాపుల్లో అవసరం ఇప్పటికీ అదే.

ఇదే కారణంతో మూలను గుండ్రం చేసే ఫిల్లెట్, అద్దంలోలా తిరగేసే మిర్రర్ కూడా పక్కన పెట్టండి. ఫిల్లెట్ మామూలు వృత్తం ముక్క పెడుతుంది, మనకు కావాల్సింది ఎలిప్స్ (సాగిన వృత్తం) ముక్క. మిర్రర్ 30 డిగ్రీల గీతను 150కి తిప్పేస్తుంది, దాంతో ముఖమే మారిపోతుంది. 45 డిగ్రీల చాంఫర్ (మూలను ఏటవాలుగా కోయడం) ఉంటే కోణం కొలవొద్దు. రెండు అంచుల మీద రెండు దూరాలు గుర్తుపెట్టి కలపండి.

ఇక రంధ్రం. కొందరు సర్కిల్ కమాండ్‌తో గుండ్రంగా పెట్టేశారు. అది ప్లేటు మీద అంటించిన బిళ్లలా ఉంటుంది. ఎఫ్5తో టాప్ ముఖానికి వచ్చి, ఈఎల్ (ఎలిప్స్) ఎంటర్, ఐ (ఐసోసర్కిల్, అంటే ఆ ముఖం మీద వృత్తం కనిపించే ఆకారం) ఎంటర్, మధ్యబిందువు చూపించి, రేడియస్ 10 ఇవ్వండి. ఐసోసర్కిల్ అనే ఆప్షనే కనిపించకపోతే ఐసోమెట్రిక్ మోడ్ ఆన్‌లో లేదని అర్థం. మధ్యబిందువు ఎక్కడ? నిలువు ప్లేటు పోగా ముందు మిగిలిన 40 వెడల్పులో సగం, 80లో సగం. చిన్న గీతలు రెండు కాపీ చేసి కలిసే చోట పెట్టండి, తర్వాత చెరిపేయండి.

ఎలిప్స్ సరైన ముఖంలో పడిందో లేదో చూడటానికి ఒక గుర్తు. దాని పొట్టి అక్షం ఆ ముఖంలోంచి బయటికి వచ్చే అక్షానికి సమాంతరంగా ఉండాలి. పై ముఖం మీది రంధ్రమైతే పొట్టి అక్షం నిలువుగా, పొడుగు అక్షం అడ్డంగా ఉంటుంది. అలా లేకపోతే ఎఫ్5 తప్పు ముఖంలో ఉంది.

"రంధ్రం వ్యాసం 20 ఇచ్చాను, కొలిస్తే 24.49 వస్తోంది, టెన్షన్‌గా ఉంది" అని రాసినవాళ్లకు: మీ డ్రాయింగు కరెక్టే. మీరు పొడుగు అక్షం మీద కొలిచారు. అక్కడ వ్యాసానికి 1.2247 రెట్లు వస్తుంది. పొట్టి అక్షం మీద 14.14 వస్తుంది. మధ్యలోంచి 30 డిగ్రీల గీత మీద కొలవండి, సరిగ్గా 20 ఉంటుంది. డిప్లొమా పుస్తకంలో చదివిన 0.816 స్కేలు ఇక్కడ వాడాలా అని కూడా అడిగారు. వద్దు. అది ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్‌కు, మనం గీసేది ఐసోమెట్రిక్ వ్యూ. అక్షాల మీద అసలు పొడవులే పెడతాం.

రంధ్రం లోపల అడుగు అంచు కనిపిస్తుందా, లేదా? వ్యాసాన్ని 0.707తో గుణించండి. వచ్చింది ప్లేటు మందం కన్నా ఎక్కువైతే కనిపిస్తుంది. 20 రంధ్రానికి 14.14 వచ్చింది, మందం 10, కాబట్టి కనిపిస్తుంది. ఎలిప్స్‌ను 10 కిందికి కాపీ చేసి, పై ఎలిప్స్ లోపల పడిన ముక్క మాత్రం ఉంచి మిగతాది ట్రిమ్ చేయండి. నిలువు ప్లేటులోని 12 రంధ్రానికి 8.49 వస్తుంది. 10 కన్నా తక్కువ, వెనక అంచు కనిపించదు. చాలామంది అక్కడ కూడా ఒక వంపు పెట్టారు, తీసేయండి. ఆ రంధ్రం మధ్యబిందువు కింది నుంచి 35 ఎత్తులో, పొడవుకు మధ్యలో ఉంటుంది. గీసేటప్పుడు ఎఫ్5 రైట్ ముఖంలో ఉండాలి.

పై మూలలకు రెండు అంచుల నుంచి 15 చొప్పున లోపలికి వచ్చి, రేడియస్ 15తో ఐసోసర్కిల్ పెట్టి ట్రిమ్ చేయండి. వంపును మందం దిశలో 10 వెనక్కి కాపీ చేయండి. కుడి మూలలో ముందు వంపునూ వెనక వంపునూ కలిపే ఒక గీత కావాలి. క్వాడ్రంట్ స్నాప్‌తో (ఎలిప్స్ అక్షాల చివరలు పట్టుకునేది) పొడుగు అక్షం చివరలు పట్టుకుని కలపండి. ఎడమ మూలకు ఆ గీత అక్కర్లేదు, పొడుగు అక్షం అటు పోదు.

పైపు మందం కోసం ఎలిప్స్‌ను ఆఫ్‌సెట్ చేసినవాళ్లూ ఉన్నారు. వచ్చింది ఎలిప్సే కాదు, స్ప్లైన్ అనే వేరే వంపు గీత. రెండు రేడియస్‌లతో రెండు ఐసోసర్కిళ్లు పెట్టండి.

అభ్యాసం: దగ్గరలోని పిండిమరకు వెళ్లండి. మర ఆగి ఉన్నప్పుడు, యజమానిని అడిగి, షాఫ్టు పట్టుకునే ప్లమ్మర్ బ్లాక్‌ను వెర్నియర్‌తో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఇంటికొచ్చి కుడివైపు నుంచి ఒకసారి, ఎడమవైపు నుంచి ఒకసారి ఐసోమెట్రిక్ గీయండి. ఆఫ్‌సెట్, ఫిల్లెట్, మిర్రర్ ముట్టుకోవద్దు. రెండు బొమ్మల్లోనూ బోల్టు రంధ్రాల మధ్య దూరాన్ని డిస్ట్ కమాండ్‌తో అక్షం వెంబడి కొలిచి, వెర్నియర్‌తో వచ్చిన అంకె పక్కన రాసి పంపండి. రెండు రోజులు పడుతుంది, తొందరపడకండి.