లేవీయకాండము దగ్గర చదువు ఆగకుండా

బైబిలు ఏడాదిలో పూర్తిచేద్దామని జనవరిలో మొదలుపెడితే ఆదికాండము, నిర్గమకాండము ఇట్టే అయిపోయేవి. లేవీయకాండములో బలుల వివరాలు వచ్చేసరికి చదువు కుంటుపడేది.

హన్మకొండలో మా సంఘంలోని ఒక అక్క, "కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక (ఉత్తరం) పక్కన పెట్టుకొని చదువు తమ్మీ" అన్నది. లేవీయకాండము 16లో ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి బలి రక్తంతో, గుడారంలో అతి పరిశుద్ధ స్థలానికి కట్టిన అడ్డతెర లోపలికి పోతాడు. హెబ్రీ 9లో క్రీస్తు తన సొంత రక్తంతో, శాశ్వతంగా ఒక్కసారే. రెండూ వెంటవెంటనే చదివిన పొద్దు నా కళ్లల్ల నీళ్లు తిరిగినయి.

మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకు మూడు నాలుగు చాలు. మనసుకు తగిలిన ఒక్క వచనం, కాజీపేట స్టేషన్‌లో బండి వచ్చేలోపు, నోట్‌బుక్‌లో రాసుకుంట. ఇప్పుడు సంఖ్యాకాండము 21కి తోడు యోహాను 3 చదువుతున్న. సంఖ్యాకాండములో మోషే స్తంభం మీద పెట్టిన ఇత్తడి సర్పం మాట యోహానులో కూడా ఉంది.