విండోస్ సెటప్‌లో డిస్క్ కనిపించట్లేదా? కొత్త ఎస్ఎస్‌డీ కొనకండి, ముందు బయాస్ చూడండి

సమస్య: ల్యాప్‌టాప్ మొత్తం తుడిచి విండోస్ 11 కొత్తగా వేద్దామని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశారు. భాష, ప్రోడక్ట్ కీ దాటారు. డిస్క్ ఎంచుకునే చోటికి వచ్చేసరికి జాబితా ఖాళీ, డ్రైవర్ లోడ్ చేయమంటోంది.

ఒడిశాలోని రాయగడ, పర్లాకిమిడి వైపు చాలామందికి డబ్బు పోయేది ఇక్కడే. ఎస్ఎస్‌డీ (లోపలి డిస్క్) కాలిపోయిందనుకుని విశాఖ నుంచి కొత్తది తెప్పిస్తారు. బిగించాక అదీ కనిపించదు. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెండు నిమిషాలు బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఆన్ చేయగానే ఎక్కువ మోడళ్లలో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కాలి. స్టోరేజ్ వివరాల్లో ఎస్ఎస్‌డీ పేరు ఉంటే డిస్క్ మీద అనుమానం పక్కన పెట్టేయొచ్చు. ఇంత చిన్న పని ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు.

కారణం: ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లు వీఎండీ (డిస్క్‌లను నడిపే ఇంటెల్ ఏర్పాటు) ఆన్‌లో పెట్టుకుని వస్తాయి. అప్పుడు ఎస్ఎస్‌డీ నేరుగా కాకుండా ఇంటెల్ కంట్రోలర్ వెనక ఉంటుంది. దాని డ్రైవర్ సెటప్ పెన్‌డ్రైవ్‌లో లేకపోతే డిస్క్ ఉన్నా సెటప్‌కి కనబడదు. కంపెనీ వేసిన విండోస్‌లో ఆ డ్రైవర్ ముందే ఉంది కాబట్టి ఇన్నాళ్లూ ఇబ్బంది తెలియలేదు. ప్రాసెసర్ నంబరు చూడండి: ఐ5-1135జీ7లో మొదటి 11 తరాన్ని చెబుతుంది. ఏఎండీ ల్యాప్‌టాప్‌కి ఈ గొడవ లేదు.

పరిష్కారం: మీ మోడల్ పేరుతో కంపెనీ సైట్‌లో ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ దించుకోండి. అందరూ తప్పు చేసేది దీని తర్వాతే. దిగిన ఎగ్జీ (ఇన్‌స్టాలర్) ఫైల్‌ని అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తారు. సెటప్‌కి ఎగ్జీ పనికిరాదు, ఐఎన్ఎఫ్ ఫైల్ కావాలి. ఇంకో కంప్యూటర్‌లో విప్పి, వచ్చిన ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. ఇంటెల్ సైట్ నుంచి తెచ్చిన సెటప్‌ఆర్ఎస్‌టీ ఫైలైతే కమాండ్ ప్రాంప్ట్‌లో దాని పేరు, ఒక ఖాళీ, అడ్డగీత, గీతకి ఆనించి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అనే ఇంగ్లిష్ మాట, మళ్లీ ఖాళీ, ఫోల్డర్ పేరు కొడితే విప్పుతుంది. సెటప్‌లో లోడ్ డ్రైవర్, బ్రౌజ్ నొక్కి వీఎండీ అనే ఫోల్డర్ చూపించండి. డ్రైవర్ పేరు వచ్చి, నెక్స్ట్ కొట్టగానే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. పేరే రాకపోతే ఆ వెర్షన్ మీ ప్రాసెసర్‌ది కాదు, వేరేది దించండి. టచ్‌ప్యాడ్ కదలకపోతే యూఎస్‌బీ మౌస్ పెట్టుకోండి.

బయాస్‌లో వీఎండీ ఆపేసినా డిస్క్ కనిపిస్తుంది. ఏసర్‌లో మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితేనే ఆ ఆప్షన్ బయటపడుతుంది. అసూస్‌లో ఎఫ్7 కొట్టి అడ్వాన్స్‌డ్‌లో చూడాలి. కానీ నా సలహా డ్రైవర్ దారే. వీఎండీ ఆపి విండోస్ వేశాక, ఎప్పుడో బయాస్‌ని డిఫాల్ట్‌కి తెస్తే అది మళ్లీ ఆన్ అవుతుంది. మర్నాడు బ్లూ స్క్రీన్. అప్పుడు ఎవరికీ అసలు కారణం తట్టదు, మళ్లీ ఫార్మాట్ చేస్తారు. పాత విండోస్‌లోంచి ఫైళ్లు ఇంకా తీసుకోవాల్సి ఉంటే వీఎండీని అసలు ముట్టుకోవద్దు. ఆ విండోస్ బూట్ కాకపోవచ్చు, బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది.

డిస్క్ కనిపించాక తొందరపడి పార్టిషన్లు డిలీట్ చేయకండి. డీటీపీ చేసేవాళ్లు డాక్యుమెంట్స్ ఒక్కటే దాచుకుని ఊరుకుంటారు. తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, డిస్క్‌తో పాటే పోతాయి. అవి లేకుండా పాత పెళ్లికార్డు ఫైలు తెరిస్తే అన్నీ పిచ్చిగీతలే.

డిస్క్ ఎంబీఆర్‌లో (పాత తరహా పార్టిషన్ పట్టిక) ఉందని సెటప్ ఆగితే, కావాల్సినవన్నీ దాచుకున్నాక పెన్‌డ్రైవ్‌ని యూఈఎఫ్ఐ (కొత్త తరహా బూట్) మోడ్‌లో బూట్ చేసి, ఆ డిస్క్‌లోని పార్టిషన్లన్నీ తీసేయండి. రీస్టార్ట్ అయ్యాక మళ్లీ మొదటి తెరే వస్తే పెన్‌డ్రైవ్ పీకేయండి. వైఫై డ్రైవర్ లేక ఇంటర్నెట్ దగ్గర ఆగిపోతే ఫోన్ కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. బయాస్‌లో కూడా ఎస్ఎస్‌డీ కనిపించకపోతేనే వెనక మూత విప్పండి. ఒకసారి తీసి గట్టిగా పెట్టి చూసి, అప్పటికీ లేకపోతే కొత్తది కొనండి.