హైదరాబాద్‌లో కొత్త పికప్ కొనడం ఎలా? ధర కంటే ముందు పాసింగ్ చూడండి

హైదరాబాద్ అడ్డాల మీద కాస్త పెద్ద సరుకుల బండి ఏది ఆగినా అది 'డీసీఎం'. 1980లలో డీసీఎం కంపెనీ జపాన్ టయోటాతో కలిసి తెచ్చిన చిన్న లారీ పేరది. కంపెనీ పోయినా పేరు పోలేదు. ఇంచుమించు అదే కాలంలో మన ఆల్విన్ నిస్సాన్‌తో చేతులు కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. 1986లో టాటా 407 వచ్చింది. ఇంతకన్నా చిన్న సరుకైతే మూడు చక్రాల ట్రాలీయే దిక్కు. మధ్యలో ఉన్న ఆ ఖాళీని 2005లో టాటా ఏస్ నింపింది. రెండు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌తో వచ్చిన ఆ బండికి జనం 'ఛోటా హాథీ' అని పేరు పెట్టుకున్నారు. 2011లో అశోక్ లేలాండ్ దోస్త్, 2016లో మారుతి సూపర్ క్యారీ, 2019లో టాటా ఇంట్రా వచ్చాయి. బొలెరో పికప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

అప్పట్లో బేరమంతా షోరూంలో ధర మీదే నడిచేది. ఇప్పుడు ఎక్స్-షోరూం ధర ఫోన్లోనే కనబడుతుంది. డబ్బు పోయేది వేరేచోట: తప్పు బరువు తరగతి ఎంచుకోవడంలో, ఫ్లాట్ వడ్డీలో, సగం కవర్ చేసే ఇన్సూరెన్సులో. అందుకే ఈ వరుసలో వెళ్లండి.

మొదటి మెట్టు: లోడ్ లెక్క కట్టడం

'పాసింగ్ ఎంత?', అంటే ఎంత బరువుకు చట్టం ఒప్పుకుంటుంది అని అడ్డా మీద అడిగేది ఊరికే కాదు. బండి, సరుకు, మనుషులు అంతా కలిపి చట్టం ఒప్పుకునే మొత్తం బరువును జీవీడబ్ల్యూ అంటారు. దాన్నుంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేది పేలోడ్. కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసేది ఈ పేలోడే, కానీ మీ చేతికి అదంతా రాదు.

ఒక బండి జీవీడబ్ల్యూ 2,990 కిలోలు, ఖాళీ బరువు 1,690 అనుకుందాం. కాగితం మీద 1,300 కిలోలు మోయాలి. డ్రైవరు, హమాలీ కలిసి 140 కిలోలు. డాలాలకు (వెనక తొట్టి పక్క తలుపులకు) ఎత్తు పెంచిన ఇనుప చట్రం, టూల్‌బాక్సు, టార్పాలిన్, మోకులు కలిపి ఇంకో 110. మిగిలింది 1,050. అంటే మలక్‌పేట గంజ్‌లో 50 కిలోల ఉల్లిగడ్డ బస్తాలైతే 21. నీళ్ల వ్యాపారమైతే 20 లీటర్ల టిన్ను డబ్బాతో కలిపి 21 కిలోలు తూగుతుంది కాబట్టి 50 టిన్నులు. రోజూ 30 బస్తాలు వేయాల్సిన వ్యాపారమైతే ఈ బండి చాలదు. 'ఏం కాదు, లాగేస్తుంది' అన్న మాట నమ్మొద్దు. ఇంజన్ లాగుతుంది, నిజమే. దెబ్బ తినేది కమాన్ పట్టీలు (స్ప్రింగు పట్టీలు), వెనక టైర్లు, బ్రేకులు. పైగా 2019లో సవరించిన మోటారు వాహన చట్టం 194వ సెక్షన్ ప్రకారం ఓవర్‌లోడ్‌కు 20 వేల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు.

ఈ లెక్కలో 3,000 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. జీవీడబ్ల్యూ 3,000 కిలోలు దాటని సరుకుల బండికి పర్మిట్ అక్కర్లేదని చట్టం 66వ సెక్షన్ చెబుతోంది. చాలా పికప్‌ల జీవీడబ్ల్యూ 2,900 పైన ఎక్కడో ఆగడానికి కారణం అదే. అదే పేరుతో వచ్చే పెద్ద పేలోడ్ మోడల్ 3,000 దాటితే పర్మిట్ ఫీజు, రెన్యువల్, పక్క రాష్ట్రం పోవాలంటే నేషనల్ పర్మిట్ అన్నీ వెంటపడతాయి. రెండు మోడళ్లకూ ధరలో తేడా కొద్దిగానే ఉందని పెద్దది రాయించుకునే ముందు ఇదంతా కలిపి చూసుకోండి.

లైసెన్సు విషయంలో మాత్రం రోజులు మారాయి. ఒకప్పుడు పసుపు ప్లేటు బండి నడపాలంటే విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ ఉండాల్సిందే. లేకపోతే యాక్సిడెంటయ్యాక ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేసేది. 7,500 కిలోల లోపు బండికి మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది, 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం దాన్నే ఖాయం చేసింది.

రెండో మెట్టు: ఇంధనం

దేశమంతటా 2017 ఏప్రిల్ 1న బీఎస్4, 2020 ఏప్రిల్ 1న బీఎస్6 పొగ ప్రమాణాలు వచ్చాయి. ఈ రెండు గడువులకు ముందు పాత స్టాకు చవగ్గా దొరికింది గానీ, గడువులోపు రిజిస్ట్రేషన్ కాని బండ్లు కొన్నవాళ్ల మెడకు చుట్టుకున్నాయి. బీఎస్6 డీజిల్ బండి పొగ గొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది, మసి అందులో పోగవుతుంది. బండి వేడెక్కి కొంతసేపు ఒకే వేగంతో పరుగెత్తితేనే ఆ మసి కాలిపోతుంది. బేగంబజార్ నుంచి అఫ్జల్‌గంజ్‌కు, అక్కడి నుంచి ఉస్మాన్‌గంజ్‌కు రోజంతా ఫస్టు గేరు, సెకండు గేరులో తిరిగే బండికి ఆ వేడి రాదు. నెలల్లోనే డీపీఎఫ్ లైటు వెలుగుతుంది, తర్వాత ఇంజన్ లాగే బలం తగ్గిపోతుంది. మీ కిరాయిలన్నీ పాతబస్తీ సందుల్లోనే అయితే పెట్రోలు, సీఎన్జీ బండ్లు చూడండి. రోజూ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి బాటసింగారం పండ్ల మార్కెట్‌కో, జహీరాబాద్ వైపో పోయేవాళ్లకు డీజిలే సుఖం. సీఎన్జీ సిలిండర్ల బరువు కూడా పేలోడ్‌లోంచే పోతుందని మరవద్దు.

కరెంటు బండికి తెలంగాణలో 2026 డిసెంబర్ 31 వరకు రోడ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ ఉంది. రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారో, రాత్రి ఛార్జింగ్ ఎక్కడ పెడతారో తేలాకే దాని గురించి మాట్లాడండి.

మూడో మెట్టు: కొటేషన్

కనీసం రెండు షోరూముల నుంచి కాగితం మీద తీసుకోండి. ఎక్స్-షోరూం, టాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్సు, ఫాస్టాగ్, యాక్సెసరీలు, 'హ్యాండ్లింగ్' ఒక్కొక్కటీ విడి వరుసలో ఉండాలి. ఆ చివరి వరుసను కొట్టేయమని అడగండి. వాళ్లు కొట్టేస్తారు.

జీఎస్టీ 2017 జులైలో 28 శాతంతో మొదలై, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది. పన్నుకు ముందు 8 లక్షలుండే బండి అప్పుడు 10,24,000, ఇప్పుడు 9,44,000. మీకు జీఎస్టీ నంబర్ ఉంటే ఇన్‌వాయిస్ మీద అది తప్పకుండా వేయించండి. కార్లకు దొరకని ఇన్‌పుట్ క్రెడిట్ (బండి మీద కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవడం) సరుకుల బండికి దొరుకుతుంది. పై లెక్కలో అది 1,44,000 రూపాయలు. బిల్లు చేశాక నంబర్ మార్చాలంటే షోరూం వాళ్లు తిప్పించుకుంటారు. ధర 10 లక్షలు దాటితే ఒక శాతం టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే ఆదాయ పన్ను) కూడా కట్టించుకుంటారు. అది ఆదాయ పన్ను రిటర్నులో లెక్కలోకి తెచ్చుకునే డబ్బే.

డిస్కౌంటు కావాలంటే ఆషాఢంలో వెళ్లండి. షోరూం ఖాళీగా ఉంటుంది, మేనేజరే ఎదురొచ్చి మాట్లాడతాడు. దసరా ముందు వెళ్తే రంగు కూడా మీ ఇష్టం కాదు. డిసెంబర్‌లోనూ తగ్గిస్తారు గానీ, బండి తయారైన సంవత్సరం పాతదై అమ్మేటప్పుడు ఆ తేడా తిరిగి కొడుతుంది. ఐదారేళ్లు ఉంచుకునేవాళ్లకు పెద్ద నష్టం లేదు.

నాలుగో మెట్టు: ఫైనాన్స్

పూర్వం ప్రైవేటు ఫైనాన్షియర్ దగ్గర ముందు తేదీల చెక్కులు, ఓనరు పేరు మార్చే ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు పెట్టి వచ్చేవాళ్లు. రెండు కిస్తీలు తప్పితే బండి వేరేవాళ్ల పేరుకు మారిపోయేది. ఇప్పుడు సిబిల్ స్కోరు చూస్తారు, కిస్తీ ఖాతాలోంచి దానంతటదే పోతుంది. మారనిది ఒక్కటే, ఫ్లాట్ వడ్డీ మాయ.

8 లక్షల అప్పు, 48 నెలలు, ఫ్లాట్ 7 శాతం. ఏడాదికి వడ్డీ 56,000, నాలుగేళ్లకు 2,24,000. మొత్తం 10,24,000ను 48తో భాగిస్తే కిస్తీ 21,333. అసలు నెలనెలా తగ్గుతున్నా, వడ్డీ మాత్రం చివరి దాకా మొదటి రోజు 8 లక్షల మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది సుమారు 12.7 శాతం. ఇంకో బ్యాంకు తగ్గే బాకీ మీద 11 శాతం అంటే ఎక్కువలా వినబడుతుంది, కానీ కిస్తీ 20,676. నాలుగేళ్లలో 31 వేలకు పైగా మిగులు. కాబట్టి శాతం అడగొద్దు. కిస్తీ ఎంత, ఎన్ని కిస్తీలు, ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే కట్టేస్తే జరిమానా ఎంత అని అడగండి. అప్పులో కలిపేసిన లోన్ ఇన్సూరెన్సు ఏమైనా ఉందేమో కూడా చూడండి.

ఐదో మెట్టు: ఇన్సూరెన్సు

థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది. 7,500 కిలోల లోపు సరుకుల బండికి 2022 జూన్‌లో అది 16,049 రూపాయలు. దాని మీద ఎవరూ తగ్గించలేరు. బేరమాడాల్సింది ఓన్ డ్యామేజ్ (మీ బండికే జరిగే నష్టం) భాగం మీద. షోరూం ఇచ్చిన కోటును బయట ఏజెంటుకు చూపిస్తే తేడా బయటపడుతుంది.

అయితే చవక చేయడానికి ఐఎంటీ 23 అనే అదనపు క్లాజు తీసేస్తారు, అక్కడ జాగ్రత్త. ఆ క్లాజు లేని కమర్షియల్ పాలసీలో లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, బానెట్ పక్క భాగాలు, టైర్లు, పెయింటు దెబ్బతింటే క్లెయిమ్ రాదు, బండి మొత్తం పోతే తప్ప. గంజ్ సందుల్లో రివర్సు తీసేటప్పుడు పగిలేవి సరిగ్గా ఇవే. జీతం డ్రైవరు ఉంటే అతని కవర్, సరుకుతో హమాలీలు వస్తే వాళ్ల కవర్ పాలసీ కాగితంలో పేరుతో కనబడాలి. కార్లకు లాగా మూడేళ్ల థర్డ్ పార్టీ దీనికి ఉండదు, ఏటా రెన్యువల్ చేయాల్సిందే.

ఆరో మెట్టు: డబ్బంతా కట్టే ముందు బండిని చూడటం

పగటి వెలుగులో, స్టాక్‌యార్డులోనే చూడండి. పూలదండ వేశాక చూస్తే ఏమీ కనబడదు. చాసిస్ (బండి చట్రం) మీద కొట్టిన 17 అక్షరాల నంబరు, ఇన్‌వాయిస్‌లోది అక్షరం అక్షరం సరిపోవాలి. తయారైన నెల, సంవత్సరం ఫారం 21లో (అమ్మకపు సర్టిఫికెట్‌లో) ఉంటుంది. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు 3225 అంటే 2025లో 32వ వారం. నాలుగు టైర్లకూ స్టెప్నీకీ ఆ అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. స్టెప్నీ ఒక్కటే ఏడాది పాతదైతే అది ఇంకో బండిదై ఉండొచ్చు. డాలా గొళ్లాలు మూసి కుదిపి చూడండి. కింద వంగి, కమాన్ పట్టీల యూ-బోల్టుల దగ్గర, డిఫరెన్షియల్ చుట్టూ నూనె చెమ్మ ఉందేమో చూడండి. జాకీ, వీల్ పానా, హెచ్చరిక త్రికోణం చేతికి తీసుకోండి.

ఏడో మెట్టు: రిజిస్ట్రేషన్

షోరూంలో తాత్కాలిక నంబరు ఇస్తారు, ఆ గడువు లోపే ఆర్టీఏ ఆఫీసులో శాశ్వత నంబరు తీసుకోవాలి. 2024 మార్చి నుంచి అది టీఎస్ కాదు, టీజీ. ఫారం 20, 21, 22, ఇన్సూరెన్సు, ఆధార్, పాన్, అప్పు ఉంటే ఫారం 34 చాలు.

ఇక్కడ కంపెనీ బాడీకీ, ఖాళీ చాసిస్‌కూ తేడా ఉంది. 2018 నవంబర్ సవరణ తర్వాత, కంపెనీ పూర్తి బాడీతో అమ్మిన కొత్త బండికి రెండేళ్ల ఫిట్‌నెస్ ఉన్నట్టే లెక్క, విడిగా పరీక్ష లేదు. చాసిస్ కొని ఆటోనగర్‌లో బాడీ కట్టించుకుంటే, బాడీ పూర్తయ్యాకే పరీక్ష, ఆ తర్వాతే నంబరు. ఈలోగా కిస్తీ మొదలైపోతుంది. ఎత్తు డాలాలు, కంటైనర్ బాక్సు కావాలంటే నంబరుకు ముందే కట్టించి ఆర్సీలో రాయించండి. తర్వాత కట్టిస్తే అది మార్పు కింద వస్తుంది, ఆర్టీఏ అనుమతి లేకపోతే క్లెయిమ్ దగ్గర చిక్కు.

ఫాస్టాగ్ షోరూంలోనే అతికిస్తారు. అందులో తరగతి సరిగా ఉందో లేదో మొదటి టోల్ మెసేజ్‌లోనే చూడండి. చిన్న ఏస్ లాంటి బండికి పెద్ద ఎల్‌సీవీ (తేలికపాటి సరుకుల లారీ) తరగతి వేస్తే ప్రతి గేటు దగ్గరా ఎక్కువ కోత పడుతుంది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు సగం లోడే వేయండి. లోడు పడ్డాక కమాన్ పట్టీలు సర్దుకుంటాయి, అప్పుడు యూ-బోల్టులు, వీల్ నట్లు వదులవుతాయి. మొదటి ఉచిత సర్వీసులో ఆ రెండూ టార్క్ పానాతో బిగించారా అని అడిగి, జాబ్‌కార్డు మీద రాయించుకుని బండి బయటకు తీయండి.