డెక్స్ పెంచినా కత్తి తెగట్లేదా? ముందు దాని పేరు చదవండి

"గురూ, డెక్స్ ముప్ఫై ఐదు పెట్టాను, అయినా గేటు దగ్గర మామూలు సైనికుడు కూడా నాలుగు దెబ్బలు వేస్తే గానీ పడట్లేదు, ఇంతకన్నా మంచి కత్తి ఏదైనా చెప్పు." ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా డాబా మీదకి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాళ్ళు అడిగే మాట ఇది. 2022 ఫిబ్రవరిలో ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ వచ్చినప్పటి నుంచీ ఇదే ప్రశ్న, అడిగే మనిషే మారుతుంటాడు. డెక్స్ అంటే డెక్స్టెరిటీ, ఆటలో మన పాత్రకి ఉండే చేతి నేర్పు కొలత. నేను కత్తి పేరు చెప్పను. ముందు స్క్రీను ఇటు తిప్పమంటాను, ఎందుకంటే వాళ్ళ చేతిలో ఉన్నది చాలాసార్లు మంచి కత్తే.

లెవెల్ పెంచడం, దొర్లడం, కత్తిని రెండు చేతులతో పట్టుకోవడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

లెవెల్ పెరుగుతోంది, దెబ్బ పెరగట్లేదు

కత్తి పేరు పక్కన ప్లస్ ఎంతుందో చూడండి. ఇది చూసుకోకుండా వచ్చేవాళ్ళతో నిజంగా విసుగొచ్చేసింది. మీ డెక్స్ పాయింట్లు కత్తిలోకి ఎంత దిగాలో స్కేలింగ్ అక్షరం చెప్తుంది, ఈ నుంచి ఎస్ దాకా. కత్తికి పదును పెట్టించి ప్లస్ పెంచే కొద్దీ ఆ స్కేలింగ్ కూడా బలపడుతుంది. +2 దగ్గర ఆగిపోయిన కత్తికి డెక్స్ 20 అయినా 40 అయినా పెద్ద తేడా కనపడదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలు కోసే ఆవిడ వంజరాన్ని ముక్కలు చేసే వేగం చూసి అంతా చేతి నేర్పే అనుకుంటాం. ఆవిడకి మొండి కత్తిపీట ఇచ్చి చూడండి, ముందు మిమ్మల్ని తిడుతుంది.

చర్చ్ ఆఫ్ ఎల్లె దగ్గరున్న బల్ల మీద +3 వరకే అవుతుంది. ఆపైన రౌండ్‌టేబుల్ హోల్డ్‌లో కమ్మరి హ్యూగ్ దగ్గరికి వెళ్ళండి. పదును పెట్టడానికి మామూలు స్మితింగ్ స్టోన్ అనే రాయి అడిగే కత్తులు +25 దాకా వెళ్తాయి, సోంబర్ స్టోన్ అనే ఇంకో రకం రాయి అడిగేవి +10 దాకానే. అంటే సోంబర్ కత్తి +4లో ఉంటే మామూలు కత్తి +10కి దగ్గర, అంకె చిన్నదని తీసి పక్కన పెట్టేయకండి.

కత్తి బొమ్మ మీద ఎర్ర ఇంటూ గుర్తు

ఆ కత్తికి కావలసిన స్టాట్ (డెక్స్, స్ట్రెంగ్త్ లాంటి కొలత) మీకు చాలలేదని అర్థం, దెబ్బ బాగా చచ్చిపోతుంది. ఇందులో ఒక్క చోటే అందరూ తికమక పడతారు. ఆటలో యూరా అనే పాత్ర దగ్గర్నుంచి వచ్చే నాగకిబా అనే కటానాకి స్ట్రెంగ్త్ 18, డెక్స్ 22 కావాలి. ఆట మొదట్లో ఎంచుకునే పాత్రల్లో ఒకడైన సమురాయ్ స్ట్రెంగ్త్ 12తో వస్తాడు. రెండు చేతులతో పడితే స్ట్రెంగ్త్ ఒకటిన్నర రెట్లవుతుంది కాబట్టి 12 కాస్తా 18 అయిపోతుంది, గుర్తు మాయం, హాయిగా ఆడతారు. ఆ తర్వాత సరదా పుట్టి ఎడమ చేతిలో మొదటి కత్తి ఉచిగటానా, కుడి చేతిలో నాగకిబా పెట్టేసరికి మళ్ళీ గుర్తు ప్రత్యక్షం, ఎందుకంటే రెండు చేతుల్లో రెండు కత్తులుంటే ఆ ఒకటిన్నర లెక్క పని చేయదు. డెక్స్‌కైతే ఆ లెక్క అసలే లేదు. ఇంకోటి, రెండు కత్తులూ ఒకే జాతివి కాకపోతే జంట దెబ్బ రాదు. కటానాతో బాకు కలిపితే ఆ బాకు ఎడమ చేతిలో విడిగా పొడవడానికే పనికొస్తుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా దెబ్బ తేలిపోతోంది

దీని దగ్గర నేనే మోసపోయాను, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను.

మొదటిసారి ఆడినప్పుడు సమురాయ్‌ని తీసుకున్నాను. ఆట మొదలయ్యే లిమ్‌గ్రేవ్‌లోనే ఫోర్ట్ హైట్ పైన ఉండే నైట్‌ని కొడితే బ్లడీ స్లాష్ అనే యాష్ ఆఫ్ వార్ వచ్చింది. చూడ్డానికి భలే ఉంటుంది, మన రక్తం కొంచెం ఖర్చుపెట్టి ఎర్రగా గాలిలో కోసేస్తుంది. ఆ సంబరంలో గ్రేస్ (ఆటలో ఆగి సేదతీరే చోటు) దగ్గర కూర్చుని ఉచిగటానాకి తగిలించాను, మధ్యలో ఏదో అడిగింది, చదవకుండా నొక్కేశాను. అక్కడే కొంప మునిగింది. యాష్ ఆఫ్ వార్‌తో రెండు విషయాలు వస్తాయి: ఒకటి ఆ విద్య, రెండోది కత్తి స్వభావం, ఆటలో దాన్ని అఫినిటీ అంటారు. నేను విద్య కోసం నొక్కితే కత్తి బ్లడ్ ఉచిగటానా అయి కూర్చుంది. బ్లడ్ అఫినిటీ డెక్స్ స్కేలింగ్‌ని కొంత లాగేసుకుని దాని బదులు ఆర్కేన్ అనే ఇంకో స్టాట్‌తో పెరిగే స్కేలింగ్ ఇస్తుంది. సమురాయ్‌కి ఆర్కేన్ ఎంతో తెలుసా? 8. నేనేమో వచ్చిన ప్రతి లెవెల్‌నీ డెక్స్‌లో పోస్తున్నాను, చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు.

ఇది వెంటనే ఎందుకు దొరకదంటే, పని చేస్తున్నట్టే కనపడుతుంది. శత్రువు మీద రక్తం బుస్సున చిమ్ముతుంది, పెద్ద ముక్క హెచ్‌పీ ఊడిపోతుంది, అబ్బో అనుకుంటాం. ఆ చిమ్మే దెబ్బకీ మధ్యలో మీరు వేసే ఏడెనిమిది మామూలు దెబ్బలు చప్పగా పడుతున్నాయని గమనించం. పైగా ఉచిగటానాకి పుట్టుకతోనే 45 బ్లీడ్ (ఆ రక్తం చిమ్మించే గుణం) ఉంది. డెక్స్ స్కేలింగ్‌ని పెంచే కీన్ అఫినిటీ పెట్టినా ఆ 45 ఎక్కడికీ పోదు. బ్లీడ్ కోసమే బ్లడ్ పెట్టాను అనేవాళ్ళకి ఇది ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పట్టుకోవడం తేలిక. కత్తి పూర్తి పేరు చదవండి. ముందు బ్లడ్, ఆకల్ట్, మ్యాజిక్, ఫైర్ లాంటి మాట ఉండి మీ పాయింట్లు మాత్రం డెక్స్‌లో ఉంటే దొంగ దొరికినట్టే. ఇంకో గుర్తు, కత్తికి నిప్పో మెరుపో ఎక్కించే గ్రీజు రాద్దామంటే పట్టదు, ఎందుకంటే గ్రీజు స్టాండర్డ్, హెవీ, కీన్, క్వాలిటీ కత్తులకే పడుతుంది. మా పిన్ని కొడుకు గాజువాక నుంచి ఫోన్ చేసి "అన్నయ్యా, గ్రీజు పని చేయట్లేదు, గేమ్‌లో బగ్ ఉంది" అన్నప్పుడు నేను అడిగింది ఒక్కటే: "కత్తి పేరు మొత్తం చదువు." బ్లడ్ అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

మార్చడానికి ఒక్క రూన్ (ఆటలో డబ్బు) కూడా ఖర్చు కాదు. ఏ గ్రేస్ దగ్గరైనా కూర్చుని అదే బ్లడీ స్లాష్‌ని మళ్ళీ ఎంచుకుని, అఫినిటీ అడిగిన చోట ఈసారి చదివి స్టాండర్డ్ నొక్కండి. విద్య మీ దగ్గరే ఉంటుంది, కత్తి స్వభావం వెనక్కి వస్తుంది. ఇదంతా చేయడానికి వెట్‌స్టోన్ నైఫ్ ఉండాలి, గేట్‌ఫ్రంట్ శిథిలాల కింద గదిలో పెట్టెలో ఉంటుంది. కీన్ కూడా కావాలంటే స్టార్మ్‌వీల్ కోట ఆయుధాల గదిలో ఐరన్ వెట్‌బ్లేడ్ ఉంది, ఇంప్ విగ్రహానికి ఒక స్టోన్‌స్వోర్డ్ కీ పెడితే దారి తెరుచుకుంటుంది. అక్కడే మిసెరికోర్డ్ కూడా దొరుకుతుంది, క్రిటికల్ 140 ఉన్న బాకు, వెనక నుంచి పొడిచేవాళ్ళు వదలకండి. అంతవరకూ ఆగలేకపోతే స్పిన్నింగ్ స్లాష్, ఇంపేలింగ్ థ్రస్ట్ లాంటి యాష్‌లు స్వతహాగా కీన్‌వే, అవి తగిలించినా చాలు.

దీనికే ఇంకో రూపం ఉంది. లైట్నింగ్ పెడితే మెనూలో అంకె పెరుగుతుంది, పైగా అది డెక్స్‌తోనే పెరుగుతుంది కాబట్టి అనుమానమే రాదు. కానీ ఆ అంకె రెండు ముక్కలు, మామూలు దెబ్బ ఒకటి, మెరుపు దెబ్బ ఒకటి, శత్రువు కవచం ఒక్కో ముక్కలోంచీ విడివిడిగా కోత పెడుతుంది. సరుకంతా ఒక లారీలో వెళ్తే ఒక టోలు, రెండు లారీల్లో పంపితే రెండు టోళ్ళు. మెరుపంటే పడని శత్రువు దగ్గర లాభమే, రోజువారీ వాడకానికి మాత్రం కీన్ పెట్టుకోండి.

దొర్లితే బస్తా పడినట్టు పడుతున్నాడు

ఒంటి మీది బరువు మీరు మోయగలిగే దాంట్లో 70 శాతం దాటింది. 30 లోపు ఉంటే చురుగ్గా, 70 దాకా మామూలుగా, ఆపైన ధబేల్మని. కవచం తీసేసి జాగింగ్ దుస్తుల్లో తిరగనక్కర్లేదు, ముందు మిగతా ఆయుధాల గళ్ళు ఖాళీ చేయండి. చేతిలో లేకపోయినా, గడిలో పెట్టిన విల్లూ డాలూ ఈటె అన్నీ తూకంలోకి వస్తాయి.

డెక్స్ పెంచినా కత్తి వేగం పెరగలేదు

పెరగదు. డెక్స్‌కీ కత్తి ఊపే వేగానికీ సంబంధం లేదు. అది మంత్రాలు వేసే సమయం తగ్గిస్తుంది, ఎత్తు నుంచి పడితే తగిలే దెబ్బ తగ్గిస్తుంది. వేగం కావాలంటే ఆయుధం జాతి మార్చండి: బాకు, పంజా, సన్న కత్తి. బాకు తీసుకుంటే మాత్రం పెద్ద బాసుల కాళ్ళ దగ్గర గాలిని కోస్తారు, అది అలవాటు చేసుకోవాలి.

మిగతావి అరుదు. స్ఫటికపు ఒళ్ళున్న క్రిస్టలియన్ అనే శత్రువుల మీద బ్లీడ్ పని చేయదు, ఒక గద వెంట ఉంచుకోండి. 2024లో వచ్చిన ఎర్డ్‌ట్రీ అదనపు భాగంలో అన్ని కత్తులూ మొండిగా అనిపిస్తే అక్కడ మన దెబ్బని పెంచే స్కాడూట్రీ ఫ్రాగ్మెంట్లు ఏరలేదని అర్థం. మూన్‌వీల్ అనే కటానా దొరికిందని మురిసిపోయేవాళ్ళు అది ఇంటెలిజెన్స్ 23 అడుగుతుందని చూసుకోండి. ఇవేవీ కాక, రెండుసార్లు నొక్కితే ఒక్క దెబ్బే పడుతోందా? బీచ్ రోడ్డు వైపు ఇళ్ళల్లో ఉప్పు గాలికి కంట్రోలర్ బటన్లు పట్టేస్తుంటాయి, పక్కింటి వాళ్ళది అడిగి ఒకసారి పెట్టి చూడండి.