ప్రాణాపాయం అంచనా, 4వ పాఠం: గాయాన్ని కాదు, గొంతును అడగండి

భర్త హింస గురించి చెప్పుకోడానికి పోలీస్ స్టేషన్‌లోని మహిళా హెల్ప్ డెస్కుకు వచ్చినామెను విడిగా కూర్చోబెట్టడం గురించి 3వ పాఠంలో చెప్పుకున్నాం. వెంట వచ్చింది కన్నతల్లే అయినా ఆ పావుగంట బయటే ఉండాలి. ఇప్పుడు ఏం అడగాలో, విన్నది ఎలా రాయాలో చూద్దాం.

2009 నుంచి ఇంగ్లండ్‌లో చాలా పోలీసు దళాలు గృహహింసలో ముప్పు ఎంతో అంచనా వేయడానికి వాడిన డాష్ పత్రంలో 27 ప్రశ్నలున్నాయి. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు 1980లలో మొదలుపెట్టిన డేంజర్ అసెస్‌మెంట్ అనే అలాంటి పత్రంలో ఇప్పుడు 20. మన మహిళా హెల్ప్ డెస్కులో వాటిని మక్కీకి మక్కీ దించుకోనక్కర్లేదు. రెండిట్లోనూ ఉండి, మనం తరచూ వదిలేసే మూడు సంగతులు పట్టుకుంటే చాలా దూరం వెళ్తాం. ఇవాళ్టి దెబ్బ ఎంత పెద్దదో చూసి ప్రమాదాన్ని కొలవడమే మన పెద్ద పొరపాటు. చెయ్యి విరిగినామె కన్నా ఒంటిమీద గీత లేని ఆమెకే ఎక్కువ ముప్పు ఉండొచ్చు.

మొదటిది గొంతు. "కొట్టాడా?" అంటే ఈ సంగతి బయటికి రాదు, అది కొట్టడం కింద ఆమె లెక్కలో ఉండదు. "ఎప్పుడైనా పీక పట్టుకున్నాడా? చున్నీ మెడకు బిగించాడా? దిండు మొహం మీద అదిమాడా?" అని అడగండి. అవునంటే అక్కడే ఆగాలి. కళ్ళు బైర్లు కమ్మాయా, స్పృహ తప్పిందా, గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పిగా ఉందా, తెలియకుండా మూత్రం పోయిందా? ఆఖరిది సిగ్గుతో చెప్పరు, మీరే అడగాలి. మెడమీద మచ్చ లేదని కొట్టిపారేయొద్దు, చాలామందికి పైకి ఏమీ కనిపించదు. లోపల రక్తనాళం దెబ్బతింటే కొన్ని రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. అందుకని ఆ రోజే జీజీహెచ్‌కి (ప్రభుత్వ పెద్దాసుపత్రికి) పంపండి. వెంట ఇచ్చే లెటరులో "కొట్టినాడు" అని కాదు, "గొంతు నులిమినాడు" అని రాయండి. డాక్టరు ఏం వెతకాలన్నది ఆ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆమె హతమయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని 2008లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన తేల్చింది.

రెండోది విడిపోవడం. అంటే విడాకులే కానక్కర్లేదు. "ఇక ఆ ఇంటికి రాను" అనడం, లాయరును కలవడం, జీతం తన అకౌంటులోకి మార్చుకోవడం, ఇవన్నీ అతని దృష్టిలో విడిపోవడమే. "పుట్టింట్లో ఉందిగా, భయం లేదులే" అనుకుంటాం. నిజానికి ముప్పు ముదిరేది అప్పుడే. పోలీసుల ముందు హాజరు కమ్మని బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 35(3) కింద అతనికి నోటీసు అందే రోజు కూడా అలాంటిదే. నోటీసు ఇచ్చేముందు ఆమెకు ఫోన్ చేసి, ఆ రాత్రి ఎక్కడ పడుకుంటుందో కనుక్కోండి. ఆ ఫోన్ అతని చేతిలో లేదని ముందే తేల్చుకోవాలి.

మూడోది "చస్తా" అనే మాట. "నిన్ను చంపి నేనూ చస్తా" అన్నవాణ్ణి తాగి వాగాడని వదిలేయకండి. తన బతుకు మీద ఆశ వదిలినవాడికి జైలు భయం ఉండదు. గుంటూరు చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఇళ్ళలో పురుగుల మందు ఎక్కడ పెడతారో కూడా అడగండి.

ఇక రాత. "భర్త వేధిస్తున్నట్లు తెలిపినది" అన్న వాక్యంతో ఎవరికీ ఏమీ తెలియదు. "మొన్న ఆదివారం రాత్రి 11 గంటలకు వంటింట్లో రెండు చేతులతో పీక నొక్కాడు, కళ్ళు చీకట్లు కమ్మాయి" అని ఆమె మాటల్లోనే రాయండి. కింద ఒక్క ప్రశ్న చేర్చండి: ఆర్నెల్ల కిందట ఎలా ఉండేది, ఇప్పుడు ఎలా ఉంది? నెలకోసారి జరిగేది వారానికోసారి అయితే, ఇవాళ్టి దెబ్బ చిన్నదైనా ప్రమాదం పెరిగినట్టే.

2011 నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో గృహహింస హత్యలను తిరగదోడి పరిశీలించే పద్ధతి ఉంది. ఆ నివేదికల్లో పదే పదే కనిపించేది ఇది: సంగతులు తలా ఒకచోట రాసే ఉన్నాయి, వాటిని ఎవరూ ఒకచోట చేర్చలేదు. మనకూ కృష్ణా నది అడ్డం ఉంది. అత్తిల్లు విజయవాడ సింగ్‌నగర్, పుట్టిల్లు గుంటూరు అనుకోండి. అక్కడి ఫిర్యాదు కమిషనరేట్‌లో, ఇక్కడిది జిల్లా ఎస్పీ పరిధిలో ఉంటుంది. "ఇంతకుముందు ఏ స్టేషన్‌కి వెళ్ళావమ్మా? 112కి ఎప్పుడైనా చేశావా?" అని అడిగి, ఆ స్టేషన్‌కి మీరే ఫోన్ చేయండి.

గొంతు నులమడం ఉంటే, లేదా మిగతా రెండూ కలిసి ఉంటే ఆ రోజు రాజీ మాట ఎత్తొద్దు. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. హింసకు గురైన ఆడవాళ్ళకు ఆసరా ఇచ్చే ప్రభుత్వ సఖి కేంద్రంలో 5 రోజుల వరకు ఉండొచ్చని చెప్పండి. 2005 గృహహింస చట్టం కింద ప్రొటెక్షన్ ఆఫీసరుతో డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) రాయించి, అత్యవసరమైతే 23వ సెక్షన్ కింద అతను లేకుండానే కోర్టులో మధ్యంతర ఉత్తర్వు అడిగించండి.

అభ్యాసం: ఆమె ఒంటిమీద గాయం లేదు. పది రోజులుగా పుట్టింట్లో ఉంది. అతను రోజూ వీధి చివర బండి ఆపి నిలబడుతున్నాడు. "ఒక్కసారి మాట్లాడి తీసుకెళ్తా, రాకపోతే పెట్రోలు పోసుకుంటా" అని మామగారితో అన్నాడు. ఆమెను అడగాల్సిన మొదటి మూడు ప్రశ్నలు వరుసగా రాయండి. 5వ పాఠం వాటితోనే మొదలవుతుంది.