చాంపియన్ అయ్యాక ఆట మొదటికొచ్చేసిందా? ఫైర్‌రెడ్ సేవ్ సమస్య - పరిష్కారం

విజయనగరం గంటస్తంభం దగ్గర ఫోన్లు బాగుచేస్తుంటాను. సిరిమానోత్సవం అయిపోయి, పిల్లలు మళ్లీ బడికి వెళ్లే రోజుల్లో ఒకే రకం కేసు ఏటా రెండు మూడైనా వస్తుంది. ఫోన్‌కి ఏమీ అయి ఉండదు. "అన్నయ్యా, ఎలైట్ ఫోర్‌ని కొట్టీసాను. స్క్రీనంతా తెల్లగా అయిపోయి ఆట మొదటికొచ్చీసింది, ఏటయిందో చూడు" అంటాడు పిల్లాడు, ఏడుపు ఒక్కటే తక్కువ. ఆట పోకెమాన్ ఫైర్‌రెడ్. ఎలైట్ ఫోర్ అంటే ఆట చివర్లో, చాంపియన్ కంటే ముందు ఓడించాల్సిన నలుగురు. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వచ్చింది, ఇప్పుడు ఫోన్లో ఎమ్యులేటర్ (ఫోన్‌ని గేమ్‌బాయ్‌లా నడిపించే యాప్) పెట్టుకుని ఆడుతున్నారు.

నేను అడిగే మొదటి ప్రశ్న: ఆట లోపల స్టార్ట్ నొక్కి సేవ్ చేశావా? "సేవ్ స్టేట్ పెట్టాను కదా" అంటాడు. వందసార్లు విన్న జవాబు ఇది. ఆ రెండూ ఒకటి కాదు: మొదటిది ఆట చేసుకునే సేవ్, రెండోది ఎమ్యులేటర్ చేసేది.

లక్షణాలు

ఆట తెరవగానే 'ది 1ఎం సబ్-సర్క్యూట్ బోర్డ్ ఈజ్ నాట్ ఇన్‌స్టాల్డ్' అని ఒక ముక్క కనిపిస్తుంది. ఎవరూ చదవరు, A బటన్ నొక్కి ముందుకెళ్లిపోతారు. లోపల సేవ్ చేయబోతే 'సేవ్ ఎర్రర్' అంటుంది. అప్పటికే సేవ్ స్టేట్ అలవాటైపోయి ఉంటుంది కాబట్టి దాన్నీ పట్టించుకోరు. ముప్పై గంటలు ఆట హాయిగా నడుస్తుంది. చాంపియన్‌ని ఓడించాక హాల్ ఆఫ్ ఫేమ్‌లో (గెలిచిన జట్టు నమోదయ్యే చోటు) ఆట తనంతట తానే సేవ్ చేసుకోవాలి. అక్కడ చిక్కుకుంటుంది.

కారణం

ఫైర్‌రెడ్ సేవ్‌కి 128 కిలోబైట్ల ఫ్లాష్ చిప్ కావాలి. ఆ సందేశంలోని 1ఎం అంటే అదే, ఒక మెగాబిట్. ఆట మీ ప్రయాణాన్ని ఒకే చోట రాయదు. ఒకసారి ఈ అరలో, మరోసారి ఆ అరలో మార్చి మార్చి రాస్తుంది, ఒకటి చెడినా రెండోది ఉంటుందని. ఒక్కో అర 56 కిలోబైట్లు. రెండూ కలిపి 112. మిగిలిన దాంట్లో హాల్ ఆఫ్ ఫేమ్ వగైరా. ఎమ్యులేటర్ సెట్టింగుల్లో సేవ్ టైప్ 64కె అని ఉంటే ఇదంతా ఎక్కడ పట్టాలి? తనకు కావలసిన చిప్ కనబడక ఆట సేవ్ చేయడమే మానేస్తుంది.

మరి ఇన్ని రోజులు ఎలా నడిచింది? సేవ్ స్టేట్ వల్ల. అది ఆ క్షణాన ఎమ్యులేటర్ మెమరీ మొత్తానికి తీసిన ఫోటో లాంటిది. ఆటకి దాని సంగతే తెలియదు. టైటిల్స్ పడ్డాక ఆట రీసెట్ అయి మొదటి తెరకి వస్తుంది, అక్కడి నుంచి కంటిన్యూ నొక్కి పాలెట్ టౌన్‌లో ఇంటి దగ్గర లేవాలి. అసలు సేవ్ లేకపోతే కంటిన్యూ ఎక్కడిది? న్యూ గేమ్ ఒక్కటే కనిపిస్తుంది.

పరిష్కారం

సెట్టింగుల్లో సేవ్ టైప్‌ని ఫ్లాష్ 128కె చేయండి. ఆట పూర్తిగా మూసి, మళ్లీ తెరిచి, చాంపియన్ పోరుకి ముందున్న సేవ్ స్టేట్ లోడ్ చేయండి. స్టార్ట్ నొక్కి ఆట లోపలే సేవ్ చేయండి.

ఇక్కడే ఆగి పరీక్షించాలి. నేను మా మేనల్లుడి ఫోన్లో ఇంతవరకు చేసి, "అయిపోయిందిరా" అని ఇచ్చేశాను. వాడు ఇంటికెళ్లి అలవాటు కొద్దీ పాత సేవ్ స్టేట్ లోడ్ చేశాడు. చాలా ఎమ్యులేటర్లలో ఆ ఫోటోలో ఫ్లాష్ చిప్‌లో ఉన్నది కూడా ఉంటుంది. పాత ఫోటో పెట్టగానే కొత్త సేవ్ మీద పాతది పడుతుంది. కొన్నింటిలో 64కె సెట్టింగు కూడా దాంతోపాటే వెనక్కి వస్తుంది. వాడు మళ్లీ చాంపియన్‌ని కొట్టాడు, మళ్లీ తెల్ల స్క్రీన్. పది రోజులు నాతో మాట్లాడలేదు.

అందుకని, లోపల సేవ్ చేశాక ఎమ్యులేటర్‌ని రీసెంట్స్‌లోంచి కూడా తీసేయండి. మళ్లీ తెరిచి, సేవ్ స్టేట్ జోలికి వెళ్లకుండా కంటిన్యూ చూడండి. పేరు, బ్యాడ్జీలు, ఆడిన సమయం సరిగ్గా ఉంటే సేవ్ పడినట్టే. ఆ రోజు నుంచి పాత స్టేట్లు తాకొద్దు. పాత స్టేట్ పెట్టిన ప్రతిసారీ సేవ్ ఎర్రర్ వస్తుంటే ఇక ఆ స్టేట్‌ని మర్చిపోండి, మొదటి నుంచి ఆడడమే. ఈ ముక్క చెప్పడం నాకూ ఇష్టం ఉండదు.

మిగిలినవి

మెమరీ నిండిపోవడం, క్లీనర్ యాప్ సేవ్ ఫైల్ ఊడ్చేయడం, చీట్ కోడ్లు: ఉన్నాయి గానీ అరుదు.

అసలు కార్ట్రిడ్జ్ ఉన్నవాళ్లకి "బ్యాటరీ మార్చాలి" అని ఎవరో చెబుతారు. ఫైర్‌రెడ్‌లో బ్యాటరీయే లేదు. విప్పితే బ్యాటరీ కనిపించిందా, అది నకిలీ. ఎమరాల్డ్ అనే మరో పోకెమాన్ ఆటలో ఉంటుంది, అది గడియారానికి మాత్రమే. అయిపోయినా సేవ్ పోదు.

ఇక బ్రాక్ (రాతి పోకెమాన్లు వాడే మొదటి జిమ్ లీడర్) దగ్గర ఓడిపోతూ ఆటలో లోపముందనేవాళ్లు. మొదట్లో ఎంచుకునే నిప్పు పోకెమాన్ చార్మాండర్ నిప్పు రాయి మీద సగమే పనిచేస్తుంది. లెవెల్ 13 దాకా పెంచితే మెటల్ క్లా అనే దాడి వస్తుంది, లేదంటే రూట్ 22లో మాంకీ అనే పోకెమాన్‌ని పట్టుకోండి. ఇది వంతులవారీ ఆట, మీ వంతు వచ్చాక ఎంతసేపు ఆలోచించినా ఎదుటివాడు కదలడు. వీళ్లేమో ఆటో కదిలిపోతున్నట్టు ఎంబర్ (చార్మాండర్ నిప్పు దాడి) మీద ఎంబర్ నొక్కుతారు.